ఎర్రగుడి బండ మీద ఐదుగురు యవన రాజులు

ఆస్పరి దాటి పత్తికొండ దారి పట్టేసరికి ఎండ ఇంకా ముదరలేదు. తొలకరి పడి నాలుగు రోజులే అయింది. ఎండాకాలమంతా నెర్రెలిచ్చి ఉన్న నల్లరేగడి మెత్తబడి, అడుగు పెడితే చెప్పుకు అతుక్కుంటోంది. రోడ్డు పక్క చేలో ఒక రైతు ఎద్దుల్ని తోలుతున్నాడు. చేను చివరికి రాగానే అదిలించి వాటిని మళ్లించి, వచ్చిన సాలు పక్కనే ఇంకో సాలు వేసుకుంటూ ఎదురుగా వస్తున్నాడు. మోటారు సైకిలు వెనక కూర్చున్న మేష్టారు బండి ఆపించి, ఆ మలుపు వంకే కాసేపు చూశారు.

‘‘ఇది గుర్తు పెట్టుకోప్పా. ఇంకో రెండు గంటల్లో పనికొస్తుంది’’ అన్నారు మేనల్లుడితో.

మేష్టారు డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. మేనల్లుడు పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర కుర్రాడు ఒక ప్రశ్న వేశాడు. ‘‘పాశ్చాత్య చింతనకు రెండు వేర్లు, ఒకటి యూదుల మతం, రెండోది గ్రీకుల తత్వం అని పుస్తకంలో ఒక్క ముక్కలో రాసేసినారు మామా. వాళ్లు యెరూషలేములో, వీళ్లు ఏథెన్సులో. మధ్యలో సముద్రం. మరి కలిసింది ఎక్కడ? కలిపింది ఎవరు?’’ మేష్టారు మజ్జిగ అన్నం ముగించి చెయ్యి కడుక్కుని, ‘‘పొద్దున్నే బండి తియ్. ఎర్రగుడికి పోదాం. వాళ్లు కలిసిన ఊరిని ఏలిన రాజు పేరు మన జిల్లాలోనే బండ మీద ఉంది’’ అన్నారు. ఈ ప్రయాణం అలా మొదలైంది.

ఆస్పరి గుంతకల్లు–రాయచూరు రైలు మార్గం మీది ఊరు. మద్రాసు నుంచి వచ్చిన పట్టాలు, బొంబాయి నుంచి వచ్చిన పట్టాలు 1871లో రాయచూరు దగ్గర కలిసినప్పటి నుంచీ ఈ దారిన దేశం అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోవి. ఇక్కడి వాళ్లకు ఇంట్లో ఒక భాష, సంతలో ఒక భాష కొత్త కాదు. కన్నడం మాట తెలుగులోకి, తెలుగు మాట కన్నడంలోకి దొర్లుతూ ఉంటుంది. ఒక భాషలో మాట ఇంకో భాషలోకి నడిచి వెళ్లేటప్పుడు ఏమవుతుందో ఈ ఊళ్లవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పత్తికొండలో టీ కోసం ఆగారు. 1827 జూలై 6న మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో కలరా తగిలి చనిపోయింది ఈ ఊళ్లోనే. స్కాట్లండులోని గ్లాస్గోలో చదువుకున్న మనిషి. దత్తమండలాలకు తొలి ప్రిన్సిపల్ కలెక్టరుగా 1800 నుంచి ఏడేళ్లు ఈ నేలంతా గుర్రం మీద తిరిగి, రైతు పేరున పట్టా రాయించే రైత్వారీ పద్ధతిని పాదుకొల్పాడు. యూదుల బైబిలూ గ్రీకుల తర్కమూ కలిసిన చదువు పాలకుడి రూపంలో మొదట ఈ పల్లెల్లోకి వచ్చింది ఆయన లాంటి వాళ్ల వెంటే. అయితే మేష్టారు చూపిస్తానన్నది మన్రోకు రెండు వేల ఏళ్లకు ముందటి సంగతి.

తుగ్గలి దాటాక నేల రంగు మారింది. జొన్నగిరి పొలాల్లో ఆడా మగా వందల మంది నడుములు వంచి, నేలను చూసుకుంటూ మెల్లగా నడుస్తున్నారు. తొలి వానలకు మట్టి కొట్టుకుపోయి వజ్రాలు పైకి తేలతాయని ఏటా వస్తారు. మూటాముల్లె కట్టుకుని చెట్ల కింద మకాం వేసినవాళ్లూ ఉన్నారు. బండి ఆపగానే ఒకామె తలెత్తి, ‘‘మీరూ వజ్రాలకే వచ్చినారా సార్?’’ అని అడిగింది. ‘‘లేదమ్మా, రాతలు సూసేకి వచ్చినాం’’ అన్నారు మేష్టారు. ‘‘అశోకుని గుండ్ల కాడికా! అట్లే నేరుగా పోండి’’ అని చెయ్యి చూపించి మళ్లీ వంగిపోయింది.

ఈ వజ్రాల దారిలోనూ యూదులు ఉన్నారు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు వజ్రాలు మద్రాసు కోట దాకా వచ్చేవి. అక్కడ స్థిరపడ్డ యూదు వర్తకులు వాటిని కొని లండనుకు పంపేవారు. బదులుగా మధ్యధరా సముద్రపు పగడాలు ఇక్కడికి దిగేవి. మన పెద్దల మెళ్లో పగడాల పేరు వెనక ఇంత కథ ఉందని వింటే కుర్రాడికి ఆశ్చర్యం వేసింది.

ఎర్రగుడి గుండ్లు గుత్తి–పత్తికొండ దారి పక్కనే ఉన్నాయి. కంచె, మెట్లు, పురావస్తు శాఖ బోర్డు. 1920ల చివర్లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ రాతల్ని గుర్తించాడు. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు చెక్కించిన పద్నాలుగు శిలాశాసనాలూ, వాటితో పాటు రెండు చిన్న శిలాశాసనాలూ ఒకే చోట ఇక్కడ ఉన్నాయి. పత్తికొండకు దగ్గరలోని రాజుల మందగిరిలో, రామలింగేశ్వరాలయం దగ్గర బండ మీద, చిన్న శాసనం ప్రతి మరొకటి ఉంది. దక్షిణాన మౌర్యుల పాలనా కేంద్రమైన సువర్ణగిరి ఈ జొన్నగిరేనని కొందరు చరిత్రకారులు భావిస్తారు.

మేష్టారు కుర్రాణ్ని చిన్న శాసనం ఉన్న గుండు ముందు నిలబెట్టారు. ఏటవాలు ఎండలో గీతల్లో నీడ పడి అక్షరాలు పైకి లేచినట్టు కనిపిస్తున్నాయి. వాటి మీద వేలు పెట్టకుండా గాలిలోనే గీసి చూపించారు. తలకిందులైన ‘వి’ లాంటిది బ్రాహ్మీ ‘గ’. దానికి నెత్తిన తలకట్టు పెట్టి, కాళ్లు గుండ్రం చేస్తే మన ‘గ’. నడుమ చుక్క ఉన్న సున్నా ‘థ’. కూడిక గుర్తులాంటిది ‘క’. గ్రీకులకు అక్షరాలు వచ్చింది ఫినీషియన్ల నుంచి. ఆ కుటుంబానికే చెందిన అరామిక్ లిపి నుంచి నేటి హీబ్రూ అక్షరాలు పుట్టాయి. బ్రాహ్మి కూడా అరామిక్‌ను చూసే రూపొందిందని చాలామంది లిపి పండితుల అభిప్రాయం. అది నిజమైతే ఆల్ఫా, ఆలెఫ్, మన అక్షరాలు దూరపు చుట్టాలు.

‘‘ఇప్పుడు ఎద్దుల్ని తల్చుకో’’ అన్నారు మేష్టారు.

ఈ గుండు మీద కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, కొన్ని కుడి నుంచి ఎడమకీ నడుస్తాయి. అశోకుని శాసనాల్లో ఇంకెక్కడా ఇలా కనిపించదు. సాలు వేసి చేను చివర మళ్లిన ఎద్దుల్లా చదివే కన్ను అటు పోయి ఇటు రావాలి. తొలినాటి గ్రీకు శాసనాల్లో ఈ తీరు మామూలే. దానికి వాళ్లు పెట్టుకున్న పేరుకు అర్థం కూడా ‘ఎద్దు మళ్లినట్టు’ అనే. ఎర్రగుడి శిల్పి ఇలా ఎందుకు చెక్కాడు? కుడి నుంచి ఎడమకు రాసే ఖరోష్ఠి లిపి అలవాటున్న వాయవ్య దేశపు లేఖకుడి చెయ్యి ఇందులో ఉందని కొందరు అంటారు. కర్ణాటకలోని బ్రహ్మగిరి శాసనం చివర చపడుడు అనే లేఖకుడు తన వృత్తి పేరును ఖరోష్ఠిలోనే చెక్కుకున్నాడు కాబట్టి ఆ మాట కొట్టిపారేయడానికి లేదు. గ్రీకు ఎడమ నుంచి కుడికి వెళ్తుంది, హీబ్రూ కుడి నుంచి ఎడమకు వస్తుంది. కుర్రాడు ఆ పంక్తుల్ని ఒకదాని తర్వాత ఒకటి కళ్లతో దున్నుతూ ఉండిపోయాడు.

అక్కణ్నుంచి పెద్ద శాసనాల దగ్గరికి వెళ్లారు. పదమూడోది కళింగ యుద్ధం గురించి చెప్పేది. చంపినవాళ్లనూ, చెరపట్టినవాళ్లనూ తల్చుకుని రాజు పడిన బాధ అందులో ఉంది. ఆ తర్వాత ధమ్మంతో గెలిచిన గెలుపే గొప్పదని చెప్పి, అది ఎక్కడెక్కడ చేరిందో ఏకరువు పెడతాడు. ఆ జాబితాలో ఆంధ్రుల పేరు ఉంది. చోళులు, పాండ్యులు ఉన్నారు. ఆరువందల యోజనాల దూరంలోని యవన, అంటే గ్రీకు, రాజులు ఐదుగురున్నారు. అంతియోకుడు, తురమాయుడు, అంతికిని, మకుడు, అలికసుందరుడు. తురమాయుణ్ని కాల్సీ బండ మీద ‘తులమయ’ అని, షాబాజ్‌గఢీ బండ మీద ‘తురమయ’ అని రాశారు. పండితులు వేర్వేరు చోట్ల ప్రతుల్ని పక్కపక్కన పెట్టి ఈ పేర్లను తేల్చారు.

తురమాయుడంటే ఈజిప్టు రాజు రెండో టాలెమీ. రాజధాని అలెగ్జాండ్రియా.

‘‘నీ ప్రశ్నకు జవాబు ఈయన ఊళ్లో ఉంది’’ అన్నారు మేష్టారు. ఇద్దరూ గుండు నీడలో కూర్చున్నారు.

ఆ కాలానికి అలెగ్జాండ్రియాలో యూదులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. తరాలు గడిచేకొద్దీ వాళ్ల పిల్లలకు ఇంట్లోనూ బజారులోనూ గ్రీకే నోట ఆడింది, హీబ్రూ దూరమైంది. తమ పిల్లలు చదువుకోవాలంటే గ్రంథం గ్రీకులో ఉండాలి. అలా యూదుల తోరా, మోషే ఐదు పుస్తకాలు, క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో గ్రీకులోకి వచ్చాయి. దీని చుట్టూ ఒక అందమైన కథ అల్లుకుంది. తన గ్రంథాలయం కోసం టాలెమీ యెరూషలేముకు కబురు పంపాడట. పన్నెండు గోత్రాల నుంచి ఆరుగురి చొప్పున డెబ్భై ఇద్దరు పండితులు వచ్చారట. ఫారోస్ దీవిలో కూర్చుని డెబ్భై రెండు రోజుల్లో ముగించారట. కథలో నిజమెంతైనా, ఆ అనువాదానికి ‘డెబ్భై’ అనే అర్థం వచ్చే సెప్టువజింట్ అనే పేరు స్థిరపడింది. ఇది గ్రీకులోకి తెచ్చిన పుస్తకాల్లో ఒకటిగా మిగిలిపోలేదు. రెండు లోకాలు ఒకే మాటల్లో ఇమిడింది ఇక్కడే.

అప్పటిదాకా ఎవరి దారి వారిది. యూదులకు దేవుడు ఒక్కడే. కంటికి కనిపించడు, బొమ్మ చేయరాదు, కానీ మాట్లాడతాడు. ప్రజలతో ఒప్పందం చేసుకుంటాడు. ఆ ఒప్పందానికి రాజు కూడా లోబడాలి. తన సైనికుడి భార్యను సొంతం చేసుకుని, అతణ్ని చంపించిన దావీదును నాతాను అనే ప్రవక్త ముఖం మీదే నిలదీస్తాడు. బీదల్ని చెప్పుల జోడు ఖరీదుకు అమ్ముతున్నారని పశువుల కాపరి ఆమోసు మండిపడతాడు. బానిసకూ ఎద్దుకూ కూడా వారంలో ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలన్నది వాళ్ల చట్టం. కాలం ఒక చోట మొదలై ఒక చోటికి సాగుతుందన్న ఎరుక వాళ్లది.

గ్రీకులు దేవుడు ఏమన్నాడని అడగలేదు. ఇది ఏమిటి, ఎందుకిలా ఉంది, నీకెలా తెలుసు అని అడిగారు. అలా అడిగినందుకే సోక్రటీసు క్రీస్తు పూర్వం 399లో విషం తాగాల్సి వచ్చింది. ఆయన శిష్యుడు ప్లేటో కనిపించేవాటి వెనక మారని రూపాలు ఉన్నాయన్నాడు. ప్లేటో శిష్యుడు అరిస్టాటిల్ ఒక మాట నుంచి ఇంకో మాట ఎలా తేలుతుందో నియమాలు కట్టాడు. ఆయన చెప్పిన దేవుడు లోకాన్ని కదిలిస్తాడు, తాను కదలడు, ఎవరితోనూ మాట్లాడడు.

మాట్లాడే దేవుణ్ని, మాట్లాడని దేవుడి భాషలోకి తేవాలి. అలెగ్జాండ్రియా అనువాదకుల చేతిలో పడిన పని అది. తోరా అంటే హీబ్రూలో ఉపదేశం, దారి చూపడం. దానికి వాళ్లు ‘నోమోస్’ అన్నారు. నోమోస్ అంటే చట్టం, కట్టుబాటు. మండుతున్న పొదలో నుంచి మోషేకు దేవుడు తన పేరు చెప్పే చోట హీబ్రూ క్రియాపదం ‘ఉంటాను’ అనే భావంతో కదులుతూ ఉంటుంది. గ్రీకులో అది ‘ఉన్నవాడు’ అయింది. ప్లేటో శిష్యులు తరతరాలుగా వాదించుకున్న ‘ఉనికి’ అనే మాట ఒక్కసారిగా దేవుడి పేరులోకి వచ్చి కూర్చుంది. తర్వాత పదిహేను వందల ఏళ్లు పడమటి తత్వవేత్తలు దేవుడంటే ఉనికేనా అని తర్కించుకోవడానికి మూలం ఈ ఒక్క మాట.

‘‘మన తెలుగు బైబిల్లో కూడా ఉన్నవాడు అనే ఉంటుంది గదా మామా?’’ అన్నాడు కుర్రాడు. వాళ్ల వీధి చివరే చర్చి. చిన్నప్పుడు క్రిస్మస్‌కు కేకు కోసం వెళ్లి విన్న మాటలు అతనికి గుర్తున్నాయి. ‘‘ఉంటుంది. తోరాకు తెలుగులో ఏమంటారు?’’ అని అడిగారు మేష్టారు. ‘‘ధర్మశాస్త్రం’’ అని, తన ముందున్న బండ వంక చూశాడు కుర్రాడు. ధమ్మం అనే మాట అక్కడ ఎన్నిసార్లు చెక్కి ఉందో లెక్కలేదు.

అంతికిని అంటే మాసిడోనియా రాజు ఆంటిగోనస్ గొనాటస్. ఏథెన్సులో రంగుల చిత్రాల మంటపంలో పాఠం చెప్పిన జీనోను గురువుగా తలచినవాడు. సైప్రస్ దీవి నుంచి వచ్చిన జీనో స్థాపించిన స్టోయిక్ దర్శనం ప్రకారం లోకమంతటా ఒకే ‘లోగోస్’, ఒకే విచక్షణ ప్రవహిస్తుంది. కాబట్టి మనుషులంతా ఒకే ఊరి పౌరులు. తన కొలువుకు రమ్మని ఆంటిగోనస్ పిలిస్తే, ముసలితనం వల్ల రాలేనని జీనో తన శిష్యుల్ని పంపాడు. అదే కొలువులో ఉంటూ అరాటస్ అనే కవి నక్షత్రాల మీద కావ్యం రాశాడు. మూడు వందల ఏళ్ల తర్వాత తార్సు పట్టణపు యూదుడు పౌలు ఏథెన్సుకు వచ్చి, స్టోయిక్కులూ ఎపిక్యూరియన్లూ చుట్టూ నిలబడి వింటుండగా తన దేవుడి గురించి చెప్పాడు. అప్పుడు ఆధారంగా ఎత్తుకున్నది ఆ అరాటస్ కావ్యంలోని పాదమే. అపొస్తలుల కార్యముల గ్రంథం పదిహేడో అధ్యాయంలో ఆ ఘట్టం ఉంది. ఎర్రగుడి బండ మీది రాజు కొలువులో పుట్టిన కవిత బైబిల్లోకి వచ్చి చేరింది.

అన్నీ ఇంత సామరస్యంగా జరగలేదు. అంతియోకుడు, అంటే సిరియాను ఏలిన రెండో ఆంటియోకస్. అతని మునిమనవడు నాలుగో ఆంటియోకస్ క్రీస్తు పూర్వం 167లో యెరూషలేము ఆలయంలో పరాయి దేవతకు బలిపీఠం పెట్టించి, యూదుల ఆచారాలను నిషేధించాడు. మక్కబీయులనే యూదు యోధులు తిరగబడ్డారు. మూడేళ్లకు ఆలయాన్ని శుద్ధి చేసుకున్నారు. యూదులు నేటికీ దీపాలు వెలిగించి జరుపుకునే హనుక్కా పండుగ దాని జ్ఞాపకమే. ఆ తిరుగుబాటు చరిత్రను ఐదు సంపుటాల్లో రాసినవాడు సైరీన్ నగరపు యూదుడు జేసన్. తెలుగు బైబిల్ చదివేవాళ్లకు ఆ ఊరు కురేనేగా తెలుసు. ఎర్రగుడి శాసనంలోని మకుడు, అంటే మాగస్, ఏలిన ఊరు అదే. జేసన్ సంపుటాల సంగ్రహమే నేడు మిగిలిన మక్కబీయుల రెండో గ్రంథం. ‘యూదు మతం’ అనే అర్థంలో ‘జుడాయిజం’ అనే మాట, గ్రీకు నాగరికత అనే అర్థంలో ‘హెల్లెనిజం’ అనే మాట మొట్టమొదట కనిపించేది ఆ పుస్తకంలోనే. గ్రీకు ఒత్తిడిని ఎదిరించిన యూదులు తమ మతానికి పేరు పెట్టుకున్నది గ్రీకులో! ఐదో రాజు అలికసుందరుణ్ని ఎక్కువమంది ఎపిరస్ పాలకుడు అలెగ్జాండర్‌గా గుర్తిస్తారు.

మేష్టారు టిఫిన్ క్యారియర్ విప్పారు. కొర్రన్నం, శెనక్కాయల చట్నీ. తింటూనే చెప్పుకుపోయారు. క్రీస్తు కాలానికి అలెగ్జాండ్రియాలోనే ఫైలో అనే యూదు తత్వవేత్త ఉన్నాడు. హీబ్రూ గ్రంథంలో దేవుడు మాటతో లోకాన్ని సృష్టిస్తాడు. ప్లేటో లోకానికి ఒక నమూనా ఉందంటాడు. జీనో లోకంలో లోగోస్ ఉందంటాడు. దేవుడికీ లోకానికీ నడుమ నిలిచే లోగోస్‌లో ఫైలో ఈ మూడింటినీ ముడివేశాడు. కొన్ని దశాబ్దాలకు యోహాను సువార్త ఆ మాటతోనే మొదలైంది. లాటిన్‌లో అది ‘వెర్బుమ్’ అయింది. తెలుగులో ‘వాక్యము’ అయింది. గ్రీకులో ఆ మాటకు లెక్క, తర్కం, కారణం అనే అర్థాలన్నీ ఉన్నాయి. తెలుగు వాక్యంలో తర్కం కాస్త వెనక్కి తగ్గింది, పలుకు ముందుకు వచ్చింది. హీబ్రూలో ‘మాట’కు ఉన్న అర్థానికి మనం మళ్లీ దగ్గరయ్యాం.

పుస్తకాల ప్రయాణం అక్కడ ఆగలేదు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ వంటి సిరియాక్ క్రైస్తవులు గ్రీకు గ్రంథాలను అరబ్బీలోకి తెచ్చారు. పన్నెండో శతాబ్దంలో స్పెయిన్‌లోని టొలీడోలో అవి లాటిన్‌లోకి వెళ్లాయి. స్పెయిన్‌లోనే కార్డోబాలో పుట్టిన యూదు పండితుడు మైమోనిడీస్ కైరోలో వైద్యం చేసుకుంటూ, 1190 ప్రాంతంలో, హీబ్రూ లిపిలో అరబ్బీ భాషలో ఒక పుస్తకం రాశాడు. ధర్మశాస్త్రాన్ని నమ్మి, అరిస్టాటిల్‌నూ చదివి, ఏది నిజమో తేలక తికమకపడుతున్న శిష్యుడి కోసం రాసిన పుస్తకం అది. లోకం ఎప్పుడూ ఉందన్న అరిస్టాటిల్‌నూ, లోకం సృష్టి అయిందన్న తోరానూ ఎదురెదురుగా కూర్చోబెట్టి, అరిస్టాటిల్ వాదన రుజువు కాలేదని తేల్చాడు. మరుసటి శతాబ్దంలో కాథలిక్ వేదాంతి థామస్ అక్వినాస్ ఆయన్ను ‘రబ్బీ మోషే’ అని పేర్కొంటూ ఆ వాదాన్ని తనదిగా చేసుకున్నాడు. నమ్మకం రుజువుకు జవాబు చెప్పాలి, రుజువు తన హద్దు తెలుసుకోవాలి అన్న పడమటి విశ్వవిద్యాలయాల అలవాటు ఈ పేచీలోనే పెరిగింది. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో కూడా ఈ రెండు గొంతులూ వినిపిస్తాయి. సత్యాలు స్వయంసిద్ధం అనడం యూక్లిడ్ జ్యామితి పలుకుబడి. మనుషులు సమానులుగా సృష్టి అయ్యారనడం ఆదికాండం పలుకుబడి.

‘‘అశోకునికి ఇవేవీ తెలీవు గదా?’’ కుర్రాడు సూటిగానే అడిగాడు.

తెలియవు. అయితే అలెగ్జాండ్రియాలో జరిగిన పనే, ఆ కాలంలోనే అశోకుడి కచేరీలోనూ జరిగింది. 1958లో అఫ్గానిస్తాన్‌లోని కాందహార్ దగ్గర అశోకుడి శాసనం ఒకటి బయటపడింది. పైన గ్రీకు, కింద అరామిక్. అరామిక్ అప్పటి యూదులకూ తెలిసిన భాష. మరి కొన్నేళ్లకు అక్కడే దొరికిన ఇంకో రాతిలో, ఎర్రగుడిలో ఉన్న పన్నెండు, పదమూడు శాసనాల భాగాలు గ్రీకులో ఉన్నాయి. ఇతరుల మార్గాన్ని తక్కువ చేసి తన మార్గాన్ని పొగుడుకునేవాడు తన మార్గానికే చేటు చేస్తాడని చెప్పేది పన్నెండోది. అందులో ‘పాషండ’ అనే మాట మత సంప్రదాయం అనే అర్థంలో వస్తుంది. దానికి గ్రీకు అనువాదకుడు తత్వ పాఠశాలలకు వాడే మాటనే ఎంచుకున్నాడు. ధమ్మానికి ‘యూసెబేయా’ అన్నాడు. దైవం పట్ల, పెద్దల పట్ల ఉండాల్సిన భక్తి, గౌరవం దాని అర్థం. ధమ్మమంతా అందులో పట్టదు. అయినా ఆ గ్రీకుకు అంతకంటే దగ్గరి మాట లేదు.

ఈ మూడు జాతుల్ని ఒకే చూపులో పెట్టుకున్న గ్రీకులూ ఆనాడే ఉన్నారు. పాటలీపుత్రంలో చంద్రగుప్తుడి కొలువుకు వచ్చిన రాయబారి మెగస్తనీసు, ప్రకృతి గురించి గ్రీకు ప్రాచీనులు చెప్పిందంతా భారతదేశంలో బ్రాహ్మణులూ, సిరియాలో యూదులూ కూడా చెప్పారని రాశాడు. అరిస్టాటిల్ శిష్యుడు క్లియార్కస్ ఇంకా ముందుకు వెళ్లి, యూదులు భారతీయ తత్వవేత్తల సంతతి అని తన గురువు అన్నట్టు రాసిపెట్టాడు. వంశావళిగా అది తప్పే. కానీ గ్రీకు కళ్లకు యూదులు మొదట ‘తత్వవేత్తల జాతి’గా కనిపించారన్నది అందులో తెలుస్తుంది.

మధ్యాహ్నం వాలాక తిరుగు ప్రయాణం. జొన్నగిరి పొలాల్లో జనం ఇంకా అలాగే వంగి ఉన్నారు. ఆదివారం కావడంతో, ఆస్పరికి చేరువలో ఒక పల్లెలో చిన్న చర్చి దగ్గర సాయంత్రం ప్రార్థనకు జనం చేరుతున్నారు. బండికి గాలి తగ్గితే అక్కడే ఆగారు. అరుగు మీద ఒక అవ్వ బైబిలు ఒళ్లో పెట్టుకుని, కళ్లద్దాలు పైకీ కిందికీ జరుపుకుంటూ కూర్చుంది.

తెలుగులో ఈ గ్రంథం వెనక కూడా రెండు చేతుల పని ఉంది. 1805లో విశాఖపట్నానికి వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్. వాళ్లకు తెలుగు మాట అందించిన సహచరుడు ఆనందరాయరు, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవం తీసుకున్నవాడు. వాళ్ల సువార్తల అనువాదం 1812లో శ్రీరాంపూర్ ముద్రణాలయంలో అచ్చయ్యేసరికి మిషనరీలు ఇద్దరూ కన్నుమూశారు. అదే సొసైటీకి చెందిన జాన్ హ్యాండ్స్ 1810 నుంచి బళ్లారిలో కూర్చుని కన్నడ బైబిల్ పనిలో ఉన్నాడు. అలెగ్జాండ్రియాలోనూ, కాందహార్‌లోనూ అనువాదకుల్ని ఆపేసిన ప్రశ్నే వీళ్లనూ ఆపి ఉంటుంది. ఈ మాటకు ఈ భాషలో ఏమనాలి?

‘‘ఈ చిన్న అచ్చు ఆనడం లేదు నాయనా. తిమోతి మొదటి పత్రిక నాలుగో అధ్యాయం జరా తీసియ్యి’’ అంది అవ్వ. కుర్రాడు పేజీలు తిప్పి ఆమె చెప్పిన చోటు తీసి, మెల్లగా చదివి వినిపించాడు. ఒక చోట ఆగాడు. ‘దేవభక్తి’ అని ఉంది. మేష్టారు పక్కనుంచి చూసి, ఆ పత్రిక గ్రీకు మూలంలో అక్కడున్నది యూసెబేయానే అన్నారు. కాందహార్ శిల్పీ ఈ పత్రిక రాసినవారూ ఒకరినొకరు ఎరుగరు. ఇద్దరికీ గ్రీకులో చేతికి అందిన మాట మాత్రం అదే.

కుర్రాడు జేబులోంచి ఫోను తీసి, పొద్దున ఎర్రగుడిలో తీసిన ఫొటో పెద్దది చేశాడు. గరుకు రాతి మీద రెండక్షరాలు.

‘‘ఏం రాసింది నాయనా అది?’’ అడిగింది అవ్వ.

‘‘ధమ్మ అని అవ్వా. రెండువేల రెండొందల ఏళ్ల నాటిది. ఎర్రగుడి కాడ ఉంది.’’

‘‘అంటే ఏమి?’’

అతను ఒక్క క్షణం ఆలోచించి, ఆమె ఒళ్లోని పుస్తకంలో ఇందాక తాను ఆగిన మాట మీద వేలు పెట్టాడు. అవ్వ కళ్లద్దాలు సరిచేసుకుని ముందు ఫోను వంకా, తర్వాత పేజీ వంకా, మళ్లీ ఫోను వంకా చూసింది. లోపల పాట మొదలైంది. ఆమె పుస్తకం మూయకుండానే, ఆ పేజీలో వేలు ఉంచుకుని లేచి లోపలికి నడిచింది.